పొట్లములోని ఫో

(సంఘ వార్షికోత్సవ సభలో చేయబడిన ప్రసంగపు పాఠము)



తిండినిగూర్చి సభలో ప్రసంగించుట కొందరికి చిన్నతనముగా తోచవచ్చును. కాని బదిలీ ఉత్తరువు చేతబట్టుకొని దూరప్రాంతమునకు పయనమైన ఉద్యోగి సామానులో మొదట సర్దబడునది ఆవకాయ జాడీ యను సంగతి ఈ సభలో ఎరుగనివారుండరు. ఇంటి రుచిని మూటగట్టి వెంట గొనిపోవుట సర్వమానవులకును సహజము. ఆ మూటలో ఏది ఇముడును, ఏది ఇమడదు అను ప్రశ్నకు నేటి ప్రసంగవిషయము చక్కని ఉదాహరణము. అది వియత్నాం దేశీయులు ‘ఫో’ అని పిలుచుకొను మాంసపు చారు. అందును, వేడినీరు పోసి మూడు నాలుగు నిమిషములలో ఇంట సిద్ధపరచుకొను పొట్లపు ఫో.

‘ఫో’ అని తెలుగున వ్రాయక తప్పదు గాని, ఆ దేశీయుల ఉచ్చారణ సరిగా అది కాదు. ‘ఫ’కారమును కొంచెము సాగదీసి, సందేహముతో ప్రశ్న వేయునప్పటివలె స్వరమును ముందు దించి, వెంటనే ఎత్తవలెను. ఆ మాట ఎక్కడిది యనుటలో పండితులకు ఏకాభిప్రాయము లేదు. బియ్యపుపిండి వంటకమునకు చీనాభాషలో గల ‘ఫెన్’ అను మాటయే మారి ఇట్లయ్యెనని కొందరందురు. మాంసమును కూరగాయలతో చేర్చి నెమ్మదిగా ఉడికించు ‘పోతోఫ’ అను ఫ్రెంచి వంటకపు పేరులోని తుది యక్షరమని మరికొందరందురు. 1931లో వెలువడిన వియత్నామీ నిఘంటువు మొదటి పక్షమునే గ్రహించినది. పేరు ఎవరిదైనను వంట మాత్రము ఆ దేశపుదే.

ముందుగా ఒక మాట చెప్పవలసియున్నది. ఈ చారునకు మూలము గోమాంసము. శ్రోతలలో పలువురకు అది నిషిద్ధము. గోమాంసమును, అది కలిసిన ఆహారపదార్థములను మన దేశమునకు దిగుమతి చేయుట ప్రభుత్వ నిబంధనల ప్రకారము నిషేధము కూడ. ఈ సంగతి కేంద్రోద్యోగులకు వేరుగ చెప్పనక్కరలేదు. కావున ఈ రుచిపరీక్ష జరుగునది ఢిల్లీ క్వార్టర్సులో కాదు, హనోయిలో, అది పుట్టిన నేలమీదనే. కోడిమాంసముతో చేయు ‘ఫో గా’, మాంసమే లేని ‘ఫో చాయ్’ అను శాకాహారపు ఫో కూడ అక్కడ కలవు. అయినను కథ గోమాంసపు ‘ఫో బో’దే. ఒక జాతి వంట నెరుగుటకు దానిని తినితీరవలెనను నియమము లేదు గదా.

ఫో అతిప్రాచీనమైన వంటకము కాదు. దాని వయస్సు నూరేండ్లకు కొంచెము పైమాట, అంతే. ఉత్తర వియత్నామున ఎర్రనది మైదానములోని రైతులు ఎద్దును, దున్నపోతును పొలము దున్నుటకు, బండి లాగుటకు వాడుకొనిరి గాని, తిండికై విశేషముగా వధించెడివారు కారు. పందొమ్మిదవ శతాబ్ది చివర ఫ్రెంచివారు హనోయిలో స్థిరపడిన పిదప వారి భోజనమునకై పశువధ హెచ్చెను. మంచి కండ వారి బల్లమీదికి పోయెను. ఎముకలు, నరములు, అంచుముక్కలు కసాయివాని యొద్ద మిగిలెను. వానిని చవుకగా కొని, రాత్రియెల్ల కాచి, ఆ చారును బియ్యపు సేమ్యాపై పోసి, కావడిలో మోసికొనుచు వీథివీథి తిరిగి అమ్మిన చిన్న వర్తకులే ఫోకు జన్మదాతలు. కావడికి ఒకవైపున నిప్పులపొయ్యి, చారుకుండ. రెండవవైపున గిన్నెలు, సేమ్యా, మాంసము. నామ్‌దిన్ ప్రాంతమందలి వాన్‌కూ అను గ్రామము ఈ వృత్తికి పేరుగన్నది. నామ్‌దిన్ 2025లో నిన్‌బిన్ అను పొరుగు పరగణాలో చేర్చబడినది గాని, ఫో దుకాణముల బోర్డులమీద ఆ పేరు చెరగలేదు. తరతరములుగా వాన్‌కూవారు హనోయికి వచ్చి ఆ దుకాణములను నడిపిరి.

దొరలు విడిచిన ఎముకలతో కూలివాని కడుపు నింపిన ఆ చారు ఇరువది ముప్పది యేండ్లలో సాహిత్యమునకు కూడ ఎక్కినది. 1942లో చిన్నవయస్సుననే మరణించిన థాక్ లామ్ అను రచయిత హనోయి వీథులలోని తినుబండారములనుగూర్చి వ్రాసిన పుస్తకము మరుసటి సంవత్సరము వెలువడినది. అందులో ఫోకు గౌరవస్థానము కలదు. న్గుయెన్ తువాన్ అను మరియొక వచనకర్త 1957లో కేవలము ఫోను గురించియే ఒక దీర్ఘవ్యాసము వ్రాసెను.

1954లో జెనీవా ఒడంబడిక వలన దేశము రెండుగా చీలెను. ఉత్తరమునుండి పదిలక్షలకు దగ్గరగా ప్రజలు దక్షిణమునకు తరలిపోయిరి. వారితో ఫో కూడ సైగాను చేరినది. అక్కడ దానికి మొలకలు, తులసిజాతి ఆకులు, తియ్యని నల్లని సోయా ముద్ద, మిరపకాయ సాసు తోడైనవి. ఉత్తరాదివారు నేటికిని ఆ అలంకారములను చూచి మొగము చిట్లింతురు. నిర్మలమైన చారు, ఉల్లికాడలు, కొంచెము కొత్తిమీర, వెల్లుల్లి నానిన సిర్కా, పచ్చిమిరప చక్రములు, ఇంతకు మించిన ఆడంబరమేల యని వారి వాదము. ఆవకాయలో వెల్లుల్లి ఉండవలెనా, వలదా యని వాదించుకొను ఇండ్లవారికి ఈ తగవు వింతగా తోచదు.

ఆ ఒడంబడికతో మన దేశోద్యోగులకును సంబంధము కలదు. దాని అమలును పర్యవేక్షించుటకు ఏర్పడిన అంతర్జాతీయ సంఘమున కెనడా, పోలెండు సభ్యదేశములు కాగా, అధ్యక్షస్థానము భారతదేశమునకు లభించినది. 1954 మొదలు 1973 వరకు మన సివిలు ఉద్యోగులు, సైనికులు ఎందరో హనోయిలో, సైగానులో, నడుమనున్న చిన్నచిన్న శిబిరములలో కాలము గడపిరి. 1954 అక్టోబరులో నెహ్రూ హనోయికి వెళ్ళెను. 1958 ఫిబ్రవరిలో హోచిమిన్ మన దేశమునకు వచ్చెను. తెల్లవారకముందే వీథిమూలనుండి వచ్చు దాల్చినచెక్క వాసన ఏ చారునుండి వచ్చుచున్నదో ఆ ఉద్యోగులు తెలిసికొనకపోయి యుండరు.

ఇక ఫో చరిత్రలో కడుపు మండు ఘట్టము. ఉత్తరమున ప్రభుత్వము క్రమక్రమముగా సొంత దుకాణములను తగ్గించి, వంటశాలలను తన అధీనమునకు తెచ్చుకొనెను. బియ్యము, మాంసము రేషను చీటీపై వచ్చు రోజులవి. 1960లలో, తలపై అమెరికా విమానములు తిరుగుచుండగా, సర్కారు ఫో దుకాణములలో వడ్డించు గిన్నెలలో సేమ్యా ఉండెడిది, వేడి చారు ఉండెడిది, మాంసము మాత్రము ఉండెడిది కాదు. అప్పుడే ఉత్తర వియత్నాం ఆకాశమున చోదకుడు లేని అమెరికా నిఘావిమానములు కానవచ్చుచుండెను. హనోయి ప్రజలు వెంటనే తమ గిన్నెకు పేరు పెట్టిరి: ‘ఫో ఖోంగ్ న్గువోయ్ లాయ్’, అనగా చోదకుడు లేని ఫో. కడుపు ఖాళీగా నుండి, తలపై చావు తిరుగుచున్నను, ఆ జనులకు పరిహాసము చావలేదు. సర్కారు దుకాణములలో చెంచాలను ఎవ్వరును ఎత్తుకొనిపోకుండ వాని నడుమ తూటు పొడిచియుంచెడివారనియు, చారు కారిపోకముందే నోటికి అందించుకొనవలసివచ్చెడిదనియు ఆనాటివారు చెప్పుకొందురు. కొందరు ఇంటినుండి చద్దన్నము తెచ్చుకొని చారులో కలిపికొని కడుపు నింపుకొనెడివారు. 1986లో ప్రభుత్వము ఆర్థికవిధానమును మార్చిన పిమ్మటనే సొంత దుకాణములు మరల వీథులకెక్కినవి.

ఈ చోదకుడు లేని గిన్నె జ్ఞాపకముంచుకొనదగినది. పొట్లమును విప్పునప్పుడు దానితో పని కలదు.

పొట్లపు విద్యకు మూలము వియత్నాము కాదు, జపాను. యుద్ధానంతరపు క్షామకాలమున రొట్టెకన్న సేమ్యా తినుటయే తమవారికి తగునని భావించిన మొమొఫుకు ఆందో యను వర్తకుడు, ఒసాకా సమీపమున తన ఇంటి పెరటి పాకలో ప్రయోగములు చేసి, 1958 ఆగస్టు 25వ తేదీన మొదటి తక్షణపు నూడుల్సును అంగడికెక్కించెను. ఆవిరిపై ఉడికిన గోధుమసేమ్యాను కాగిన నూనెలో వేయించినచో, లోపలి నీరు ఆవిరియై పోవుచు సన్నని రంధ్రములను మిగుల్చును. ఆ రంధ్రములలోనికి వేడినీరు తిరిగి ప్రవేశింపగనే సేమ్యా మెత్తబడును. మన ఇండ్లలోని పిల్లలు 1980లనుండి ఎరిగిన ‘రెండు నిమిషముల’ సరకునకు కూడ ఇదియే వంశవృక్షము. వియత్నాములో సైగానున 1963లో స్థాపింపబడిన విఫోన్ సంస్థ ఈ రంగమున తొలివారిలో నొకటి. నేడు ఆ దేశపు వాడుక ఎంతటిదనగా, 2021లో తలకు సుమారు 87 పొట్లముల చొప్పున తిని, దక్షిణ కొరియాను దాటి, ప్రపంచమున మొదటి స్థానము నందుకొన్నది.

ఫోకు మాత్రము గోధుమ పనికిరాదు. దానికి బియ్యమే కావలెను. బియ్యమును నానబెట్టి, రుబ్బి, పలుచని పిండిని ఆవిరి కుండపై బిగించిన గుడ్డమీద పరచి, మూతవేసి, పొరగా ఉడికించి, తీసి, రిబ్బనులవలె కోయుదురు. గోధుమలో పిండిని సాగునట్లు పట్టియుంచు జిగట మాంసకృత్తు బియ్యములో లేదు. కావున ఈ సేమ్యాకు బలమంతయు గంజిపదార్థమే. ఉడికినప్పుడు గంజి ఉబ్బి మెత్తబడును; చల్లారినప్పుడు మరల బిగిసికొనును. రాత్రి మిగిలిన అన్నము ఉదయమునకు ఏల బిరుసెక్కునో, ఇదియు అట్లే. పొట్లపు ఫోలో సేమ్యాను సాధారణముగా నూనెలో వేయింపక వేడిగాలిలో ఎండబెట్టుదురు. అందువలన అది తెల్లగా, పలుచగా, గాజువలె నుండును. రంధ్రములు తక్కువ కనుక నీరు నిజముగా మరుగుచుండవలెను. మూత గట్టిగా నుండవలెను. గోరువెచ్చని నీటితో ఈ సేమ్యా లొంగదు.

ఇప్పుడు హనోయి ఇంటికి పోవలసియున్నది. అక్కడ 1960 ప్రాంతము మొదలు ప్రభుత్వోద్యోగులకై కట్టిన నాలుగైదంతస్తుల గృహసముదాయములు కలవు. కిమ్‌లియెన్ అనునది వానిలో ప్రసిద్ధము. ఇరుకు గదులు, ఉమ్మడి మెట్లు, వసారాకు ఇనుపచువ్వలు కట్టి పెంచుకొన్న వంటిండ్లు. ఏ ప్రభుత్వోద్యోగికైనను ఆ దృశ్యము పరిచితమే. అట్టి యొక ఇంటిని ఊహించుకొనుడు. ఇంట ఎనుబదియేండ్ల వృద్ధురాలు. వాన్‌కూ నుండి వచ్చి హనోయి వీథులలో కావడి మోసిన వర్తకుని కుమార్తె. ఆమెతో ఒక మనుమరాలు; కార్యాలయమున లెక్కలు చూచు పిల్ల. చలికాలపు సన్నని జల్లు. రాత్రి పది గంటలకు మనుమరాలు తడిసివచ్చి, సంచిలోనుండి రెండు ఫో పొట్లములు తీసినది.

పొట్లముమీది బొమ్మలో ఎర్రని మాంసపు పొరలు, పచ్చని ఆకులు, పొగలు గ్రక్కు గిన్నె. విప్పగా లోపల సేమ్యా బిళ్ళ, ఒక పొడి చీటి, ఒక నూనె చీటి, ఎండిన ఉల్లికాడల తుంపులు. వృద్ధురాలు పొట్లమును తలక్రిందులుగా విదిలించి, ‘చోదకుడు దిగిపోయినాడు కాబోలు, తల్లీ’ అన్నది. మనుమరాలికి అర్థము కాలేదు. ఆమె పుట్టునాటికి ఆ మాట నవ్వు తెప్పించు కాలము కూడ గడచిపోయినది. ఉడికిన మాంసపు ముక్కలను వేరొక సంచిలో మూసి చేర్చు ఖరీదైన రకములు లేకపోలేదు. ఇది చవుక రకము.

సేమ్యాను పింగాణీ గిన్నెలో నుంచి, పొడి చల్లి, కెటిలు నుండి మరుగుచున్న నీరు పోసి, పళ్ళెము మూతగా వేసినది. నూనె చీటిని మాత్రము విప్పక ఆ పళ్ళెముపై నుంచినది. అలవాటుచే చేసిన ఆ చిన్నపనిలో మంచి తెలివి యున్నది. చలికి ఆ కొవ్వు పేరుకొనియుండును. మూత వేడికి కరగును. అంతకన్న ముఖ్యము, పొట్లములోని పరిమళమంతయు ఆ చీటిలోనే దాగియున్నది. అనాసపువ్వులోని సువాసనద్రవ్యమునకు అనెథోల్ అని పేరు. సోంపులో నుండునదియు అదియే. అది నీటిలో కరగుటకు ఇష్టపడదు, కొవ్వులో సులభముగా కరగును. దాల్చినచెక్క వాసనయు అట్టిదే. ముందే పోసినచో ఆవిరితోపాటు కొంత వాసన ఎగిరిపోవును. తుదిని పోసినచో గిన్నెపై తేలి, మూత ఎత్తినవారి ముక్కునకే మొదట తగులును.

ఈ సుగంధద్రవ్యముల విషయమున ఒక ఉపకథ. అనాసపువ్వు చెట్లు చీనా సరిహద్దున లాంగ్‌సోన్ కొండలలో పెరుగును. ఆ దేశపు అనాసపువ్వును అధికముగా కొను దేశములలో భారతదేశ మొకటి. హైదరాబాదు బిర్యానీ కుండలో పడు పువ్వు ఆ కొండలనుండి వచ్చినదై యుండుట వింత కాదు. మేలైన దాల్చినచెక్క మధ్య వియత్నామున, 2025లో దానాంగులో కలుపబడిన క్వాంగ్‌నామ్ ప్రాంతపు కొండలలో దొరకును. ప్రాచీన చంపారాజ్యకాలమున ఆ సీమకు పేరు అమరావతి. కృష్ణాతీరమువారు ఈ సంగతి విని సంతోషింపవచ్చును. అంతకు మించి దానిపై మేడలు కట్టుట వలదు.

నాలుగు నిమిషములైనవి. మూత తీసి, నూనె పిండగా గదియంతయు వాసన నిండినది. ఇది పొట్లమునకు దక్కవలసిన మొదటి మార్కు. ఈ వాసన అబద్ధము కాదు. వృద్ధురాలు కూడ తల ఎత్తినది.

చారు మొదటి గుక్క నాలుకకు నిండుగానే తోచును. దానికి కారణము 1908లో జపాను శాస్త్రవేత్త ఇకెదా సముద్రపు నాచునుండి వేరుచేసిన గ్లుటమేటు అను లవణము, దానికి తోడుగా అతికొంచెముగా చేర్చు ఇనోసినేటు, గ్వానిలేటు అనునవి. ఇవి కలిసినప్పుడు ఒక్కొక్కదాని బలము అనేకరెట్లగును. పదిగంటలు కాచిన ఎముకల చారులో ఏ రుచిని నాలుక వెదకునో, ఆ రుచిని పొడి క్షణములో చూపగలదు. కాని రెండవ గుక్కకే లోపము తెలిసిపోవును. ఎముకలలోని బంధకపదార్థము గంటలకొలది కాగి జిగురుగా మారును. అందుచేతనే అసలు చారు పెదవులకు కొంచెము అంటుకొనును, నోటిలో బరువుగా నిలుచును, గొంతు దిగిన పిమ్మట తీపి వదలును. పొట్లపు చారు నీటివలె జారిపోవును. జారిన తరువాత మిగులునది ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు పెద్దలకు దినమునకు 5 గ్రాములకన్న తక్కువ ఉప్పు చాలునందురు. ఇట్టి ఒక్క గిన్నెను తుదివరకు త్రాగినచో ఆ కొలతలో పెద్దభాగము అప్పుడే చెల్లిపోవును. రక్తపోటు గలవారు సేమ్యా తిని చారును విడిచిపెట్టుట మేలు, లేదా పొడిలో సగమే వేసికొనవలెను. ఫోలో ప్రాణము చారే యగుటచే ఈ సలహా వినసొంపుగా నుండదు, నిజమే.

సేమ్యాకు మాత్రము ఇంతకన్న మంచి మాట చెప్పవచ్చును. పచ్చి సేమ్యాలోని పట్టుదనము లేకున్నను, బియ్యపు వాసన స్వచ్ఛముగా నున్నది. నూనెలో వేయించిన గోధుమ నూడుల్సువలె కడుపున బరువుండదు. అయితే పరుగున తినవలెను. పది నిమిషములు మాటలలో పడినచో నీరు పీల్చుకొని ముద్దయగును.

వృద్ధురాలు రెండు గుక్కలు త్రాగి గిన్నె దించినది. ‘వాసన మా నాన్న కావడిదే. చారు మాత్రము ఇప్పుడే పుట్టినది’ అని, లేచి, పొయ్యి వెలిగించినది. అల్లపు ముక్కనొకదానిని తొక్కతోనే మంటపై పట్టుకొన్నది. తొక్క నల్లబడి, రసము చిటపటలాడినప్పుడు తీసి, మాడిన పొర గీకి, చితుకగొట్టి మనుమరాలి గిన్నెలో వేసినది. ఒక చిన్న ఉల్లిని అట్లే కాల్చి చేర్చినది. చేపలను ఉప్పులో నెలలకొలది ఊరబెట్టి దించిన ‘నువోక్ మామ్’ అను రసమును అరచెంచా వేసి, పచ్చి ఉల్లికాడ తరిగి, నిమ్మకాయ పిండినది. మరల ఒక గుక్క. ఉప్పు వెనుకకు తగ్గి, కాలిన అల్లపు ఘాటు ముందుకు వచ్చినది. పొట్లము తయారుచేసినవారికి ఈ రుచి తెలియక కాదు. కాలిన అల్లము పొడిలో కొంతవరకే బ్రతుకును.

‘మంటపై ఎంతసేపు పట్టవలెను, నాయనమ్మా?’ అని పిల్ల అడిగినది. వృద్ధురాలు జవాబు చెప్పలేకపోయినది. వాసన వచ్చువరకు, అన్నది. ఏ వాసన? ఆ వాసనయే.

ఇక్కడనే అసలు చిక్కు. 2024 ఆగస్టులో వియత్నాం సంస్కృతి మంత్రిత్వశాఖ హనోయి ఫోను, నామ్‌దిన్ ఫోను జాతీయ అమూర్త వారసత్వ పట్టికలో చేర్చినది. వానిని చేర్చిన శీర్షిక వంటకములది కాదు, జానపద జ్ఞానమునది. ఎముకలను మొదట ఒక పొంగు రానిచ్చి, ఆ నీరు పారబోసి, కడిగి, మరల చన్నీటిలో వేయుట. నీరు తెరలకుండ, చిన్న బుడగ మాత్రము లేచునట్లు మంటను నిలుపుట. తేలిన మడ్డిని గరిటెతో ఎత్తుచు రాత్రి కాపలా కాయుట. అనాసపువ్వును, దాల్చినచెక్కను, నల్లని పెద్ద యాలకను ఎప్పుడు వేయవలెనో, ఎప్పుడు తీసివేయవలెనో ఎరుగుట. ఆలస్యమైనచో చారు కషాయమగును. ఇది చేతిలో నుండు చదువు. పొట్లము రుచిని ఒక ఊరినుండి మరియొక ఊరికి మోయగలదు. చవుకగా, చెడకుండ, అర్ధరాత్రి ఆకలికి అందునట్లు మోయగలదు. దూరదేశపు వసతిగృహములో ఒంటరిగా నున్న విద్యార్థికి అది చేయు ఉపకారము చిన్నది కాదు. దానిని వెక్కిరించువారు ఆ ఒంటరితనమును ఎరుగనివారు. చేతిలోని చదువును మాత్రము అది మోయదు. పైగా, వాసనను తెచ్చియిచ్చుటచే, చదువు కూడ వచ్చినదను భ్రమ కలిగించును. నూరు రూపాయల సీసాలో గోంగూరపచ్చడి దొరకు కాలమున తెలుగు ఇండ్లలో గోంగూరను వేయించుపాళ్ళు ఎందరు కోడళ్ళకు, ఎందరు కొడుకులకు తెలియునో ఇంటింట లెక్కవేసికొనవచ్చును.

ఆ ఇంట, ఆ రాత్రి, గిన్నెలు కడిగిన తరువాత మనుమరాలు ఒక కాగితము తెచ్చి, ‘చెప్పుము, వ్రాసికొందును’ అన్నది. వృద్ధురాలు కొంత చెప్పినది. ఎముకలు ఎన్ని అనగా కుండకు తగినన్ని. నీరు ఎంత అనగా ఎముకలు మునిగి నాలుగు వ్రేళ్ళు పైకి. పిల్ల లెక్కల మనిషి. నాలుగు వ్రేళ్ళు ఎవరివి, అని అడిగినది. వృద్ధురాలు తన చేతిని బల్లమీద చాచి చూపినది. ఆ చేయి చిన్నది, వ్రేళ్ళు వంకర. తండ్రి చేయి ఇంతకు రెండింతలుండెడిదట.

‘వ్రాతతో రాదు. ఆదివారము సంతనుండి మోకాలి ఎముకలు రెండు కిలోలు తెమ్ము’ అన్నది.

శనివారము సాయంకాలమే ఎముకలు వచ్చినవి. పది గంటలకు కుండ పొయ్యిమీది కెక్కినది. వృద్ధురాలు కుర్చీ తెచ్చుకొని వసారాలో కూర్చుండి, అర్ధరాత్రివరకు మంట తగ్గింపుము, మడ్డి తీయుము అని చెప్పుచు, మెల్లగా కునుకుపట్టినది. తెల్లవారుజామున నాలుగు గంటలకు, క్రింది వీథిలో ఫో దుకాణమువాడు తలుపు తీయు చప్పుడునకు ఆమె మేల్కొన్నది. మనుమరాలు గరిటె పట్టుకొని నిలిచియుండెను. కుండపై బుడగ ఒక్కొక్కటే లేచుచున్నది. పిల్ల అప్పుడే అనాసపువ్వు మూటను చారులోనుండి ఎత్తి, పళ్ళెములో పెట్టియుండెను. ఎందుకు తీసితివి, ఎవరు చెప్పిరి అని వృద్ధురాలు అడిగినది.

‘వాసన వచ్చినది’ అని పిల్ల చెప్పినది.